చింతచెట్టు వైపు తిరిగిన కెమెరా

కెమెరాను తిప్పింది ఎంకమ్మే. ఈ సంగతి మొదటే చెప్పేయడం మంచిది, లేకపోతే తిప్పిందెవరా అని చివరిదాకా వెతుక్కుంటూ కూర్చుంటారు. గొర్రెల కోసం తుమ్మకొమ్మలు వంచే పొడుగాటి దోటితో, పట్టపగలు తొమ్మిది గంటల వేళ, స్తంభం మీదున్న కెమెరాకు కొక్కెం తగిలించి ఒక్క గుంజు గుంజింది. అది కిర్రుమని చింతచెట్టు వైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. "చూస్కో ఇగ, ఎంతసేపు చూస్తవో చూస్కో," అని దాన్ని నాలుగు తిట్టి, దోటిని గోడకు ఆనించి, నిశ్చింతగా స్నానానికి పోయింది.

తాండూరు దాటి, బండలు నున్నగా చేసే పాలిషింగ్ మిషన్ల షెడ్లు కూడా దాటాక రాళ్లకుంట బస్తీ వస్తుంది. ఆ బస్తీలో నేలకు బండ, గోడకు బండ, చాలా ఇళ్లకు కప్పు కూడా బండే. ఎంకమ్మ ఇంటి పక్కన స్నానానికి నాలుగు బండలు నిలువుగా పాతి ఉంటాయి. తలుపుకు గోనెపట్టా, పైన ఆకాశం. ముప్పై ఏళ్లుగా ఆమె ఆ బండల మరుగులోనే నీళ్లు పోసుకుంటోంది, పైనుంచి కాకులు తప్ప ఎవరూ తొంగిచూసింది లేదు.

ఆ ఎండాకాలం బస్తీలో వరసగా మూడిళ్లలో దొంగలు పడ్డారు. జనం పోయి మొత్తుకుంటే రాళ్లకుంట ఠాణా వాళ్లు జనార్దన్ అనే కానిస్టేబుల్‌ను ఈ బస్తీకే అని కేటాయించారు. మంచివాడే, ఆయన్ను ఏమీ అనడానికి లేదు. ఇల్లిల్లూ తిరిగి గోడల మీద తన ఫోన్ నంబర్ ఎర్రరంగుతో రాయించాడు. ఆదివారం పొద్దున అందరినీ కూర్చోబెట్టి, గొళ్లెం ఎట్లాంటిది పెట్టుకోవాలి, తాళం ఎట్లాంటిది కొనాలి అని చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"ఊరికి పోయేటోళ్లు నాకు చెప్పి పోండ్రి. ఎన్ని దినాలు పోతున్నరో గీ బుక్కుల రాస్కుంట. దినాం రెండుమాట్ల ఒచ్చి మీ తాళం చూసి పోత. నన్ను పోలీసు అనుకోకుండ్రి, మీ ఇంటి మనిషి అనుకోండ్రి," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఎంకమ్మ మొగుడు బీరప్ప. "మా గొర్లను గూడ రాస్కోండ్రి సారూ, అవ్వి గూడ ఇంటి మనుషులే," అంటే బస్తీ బస్తీ అంతా నవ్వింది.

ఇంటికింత అని చందా వేసుకుని కెమెరా తెచ్చింది కూడా ఆ మీటింగు తర్వాతే. దాన్ని స్తంభానికి బిగించింది సాకిబ్. సాకిబ్ ఎవరంటే పక్కింటి మహబూబ్‌బీ కొడుకు. ఇరవై నాలుగేళ్లుంటాయి, బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. వాళ్ల నాన్న ముర్తుజా మిషన్ల కాడ బండల దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు కాబట్టి ఇల్లు నడిచేది వాడి చేతి మీదే. అయినా బస్తీ పని అని కూలి తీసుకోలేదు. వాడు పాలు తాగే పిల్లాడప్పుడు మహబూబ్‌బీ బండలు మోయడానికి పోతూ ఎంకమ్మ ఒళ్లోనే పడేసి పోయేది. ఎంకమ్మ కూతుళ్లతో పాటే పెరిగాడు, ఆమెను పెద్దమ్మా అని తప్ప ఇంకో రకంగా పిలిచి ఎరగడు. కెమెరాలోది జనార్దన్ ఫోన్లోనూ, సాకిబ్ ఫోన్లోనూ కనబడేటట్టు పెట్టారు.

పెట్టిన మూడో రోజో నాలుగో రోజో, నెత్తిన చెంబు ఒంపుకుంటూ తలెత్తిన ఎంకమ్మకు కెమెరా ఎర్రదీపం కంటపడింది. స్తంభం ఉన్నది మిట్ట మీద. అక్కడినుంచి చూస్తే ఆ నాలుగు బండలూ అడ్డమే కావు. చెంబు అక్కడే వదిలేసి, తడిచీర చుట్టుకుని ఇంట్లోకి ఉరికింది. యాభై రెండేళ్ల మనిషి, ముగ్గురు మనవళ్లకు అమ్మమ్మ, తలుపు వెనక నక్కి నిలబడింది.

బీరప్పకు చెబితే పకపకా నవ్వాడు. "నిన్నెవడు చూస్తడే ఈ వయసుల?" అన్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట మాడిన రొట్టె తప్ప అతనికి ఇంకేమీ దొరకలేదు.

జనార్దన్‌తో చెబుదామనీ చూసింది. బస్తీకి వచ్చినప్పుడు ఎదురుపోయి, "సారూ, గా డబ్బ మా ఇంటి దిక్కే చూస్తున్నది," అంది. "మంచిదే గదమ్మా, మీ ఇల్లు ఇంక పైలం," అని ఆయన సంతోషంగా బండెక్కి పోయాడు. ఇంకెలా చెప్పాలి? మగమనిషితో, అందులోనూ పోలీసుతో, నేను స్నానం చేస్తుంటే కనబడుతున్నా అని ఏ నోటితో చెబుతుంది? సాకిబ్‌కు చెప్పడమంటే ఇంకా సిగ్గు. వాడికి లాగులు తొడిగిన చేతులివి. వాడి ముందు ఆ మాట ఎత్తడం కంటే చచ్చిపోవడం నయమనిపించింది. బండల మీద పాత చీర కప్పు కడితే గాలికి ఎగిరి తుమ్మకంపలో పడింది. రెండ్రోజులు స్నానమే మానేసింది. మూడో రోజు ఒళ్లు మండి దోటి తీసుకుంది.

బీరప్పకు తప్ప ఎవరికీ చెప్పకుండా, తిప్పినందుకు ఎవరన్నా అడుగుతారేమో అని వారం రోజులు బెరుగ్గా తిరిగింది. ఎవరూ అడగలేదు. అడగడానికి ఎవరు చూశారు గనక? జనార్దన్ ఫోన్లో ఇలాంటి బస్తీలు పదకొండున్నాయి. బస్తీ జనం స్తంభం మీద ఎర్రదీపం వెలుగుతుంటే చాలనుకున్నారు. ఒక్క సాకిబ్ మాత్రం ఎందుకో ఎంకమ్మ ఇంటికి రావడం మానేశాడు. ఎదురుపడితే తల వంచుకుని బండి స్టార్ట్ చేసుకునేవాడు. "దుకాణం నడుస్తుండంగనే కొమ్ములొచ్చినయ్ వీనికి," అని ఆమె లోలోపల నొచ్చుకుంది.

మూడు వారాలు అలా గడిచాక చంద్రకాంత్ సారు ఇంట్లో దొంగలు పడ్డారు.

ఆయన బడిపంతులు. వీధి మొదట్లో రెండంతస్తుల ఇల్లు. వికారాబాద్‌లో మరదలి గృహప్రవేశానికని ఇంటిల్లిపాదీ రెండ్రోజులు పోయారు. పోయేముందు జనార్దన్ బుక్కులో పేరు కూడా రాయించుకున్నారు. రెండో రోజు సాయంత్రం ఆటో దిగేసరికి తలుపు తాళం విరిగి వేలాడుతోంది, బీరువా నోరు తెరిచి ఉంది, ఆడవాళ్ల ఒంటిమీదివి తప్ప బంగారమన్నది ఇంట్లో లేదు. "రాత్రి పన్నెండు గొట్టంగ ఒచ్చి చూసిన, తాళం మంచిగనే ఉండె," అని జనార్దన్ ఏడుపు ఒక్కటే తక్కువగా చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. దొంగలు పన్నెండున్నరకు వచ్చారేమో.

మర్నాడు పొద్దున ఠాణా ఎస్ఐ వచ్చాడు. కెమెరా ఉంది కదా, ఇంకేం భయం అని జనమంతా మూగారు. ఎంకమ్మా బీరప్పా కూడా పోయి నిలబడ్డారు. తీరా తెరిచి చూస్తే ఏముంది, చింతాకు. నిన్నా చింతాకే, మొన్నా చింతాకే, మూడు వారాల పాటు గాలికి ఊగే చింతాకు, మధ్యలో ఒకచోట ఉడుత. దానికి ముందు ఏమీ లేదు. మూడు వారాల కింద ఒకనాడు పొద్దున తొమ్మిదిన్నరకు కెమెరా మెమరీ కార్డులో ఉన్నదంతా తుడిచేశారు. తుడిచింది సాకిబ్ ఫోన్ నుంచి.

ఎస్ఐ సాకిబ్‌ను ముందుకు పిలిచాడు. "కెమెరా ఎవరు తిప్పిండ్రు?"

"తెల్వదు సార్."

"కార్డు ఎందుకు తుడిచినవ్?"

సాకిబ్ నేల చూశాడు. ఎస్ఐ మళ్లీ అడిగాడు. వాడు మళ్లీ నేలే చూశాడు. మూడోసారి అడిగినా నోరు తెరవలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. చంద్రకాంత్ సారు భార్య అక్కడే కూలబడి శాపనార్థాలు ఎత్తుకుంది.

ఎంకమ్మ జనంలోంచి ఒక అడుగు ముందుకేసింది. నేనే తిప్పిన అనాలి. అనాలని పెదవులు కదిపింది కూడా. చుట్టూ వంద మంది, అందులో సగానికి పైగా మగవాళ్లు. ఎందుకు తిప్పినవ్ అని వెంటనే అడుగుతారు. ఆ వంద మంది ముందు చెప్పాలి. ఆమె నోరు పెగలకముందే బీరప్ప ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. సాకిబ్‌ను జీపులో కూర్చోబెట్టారు. మహబూబ్‌బీ జీపు వెనక చెప్పులు లేకుండా సందు చివరిదాకా ఉరికింది.

ఇంటికొచ్చాక బీరప్ప తలుపు దగ్గరికేశాడు. "నోరు మూస్కోని ఉండు. అందరు పైసలేసి పెట్టిన కెమెరా అది. నువ్వే గుంజినవని తెలిస్తే చంద్రకాంత్ సారు మనల బతకనిస్తడా? దొంగలతోని కలిసి చేసినవంటరు. నిన్ను గూడ గా జీపుల్నే ఏస్కపోతరు," అన్నాడు.

"మరి గా పోరడు?"

"వాడు చేయకుంటే వాళ్లే వాన్ని ఇడిచిపెడుతరు. రెండు దినాలు కూసోబెట్టి అడుగుతరు, పంపుతరు."

ఎంకమ్మ ఆ మాట నమ్మింది. నమ్మడం తేలిక గనక నమ్మింది. ఆ పూటే చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు, ఏమీ అయ్యేది కాదేమో కూడా. కానీ ఆమె చెప్పలేదు. మూడు రోజులు చెప్పలేదు.

ఆ మూడు రోజులూ మహబూబ్‌బీ పొద్దునా సాయంత్రం టిఫిన్ గిన్నె పట్టుకుని ఠాణాకు పోయింది. గిన్నె లోపలికి తీసుకునేవాళ్లు, ఆమెను రానిచ్చేవాళ్లు కాదు. తిరిగొచ్చి నేరుగా ఎంకమ్మ గడపలోనే కూర్చునేది. ఇంకెక్కడ కూర్చుంటుంది? బస్తీలో ఆమెను చూస్తే మాటలు ఆపేస్తున్నారు. బస్టాండు కాడ దుకాణం ముందు జనం మా ఫోన్లు మాకివ్వండని గొడవ చేశారట. ముర్తుజాకు దగ్గుతోపాటు జ్వరం కూడా పట్టుకుంది.

"అక్కా, నా కొడుకు గట్లాంటోడు కాదు. నీకు తెల్వదా?" అని మహబూబ్‌బీ అడిగేది.

"నాకు తెల్వదా చెల్లె," అని ఎంకమ్మ అనేది. అని, చాయ్ పెట్టే నెపంతో లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకునేది. ఛీ, నేనొక మనిషినేనా అని తనను తానే తిట్టుకునేది. తిట్టుకుని చాయ్ తెచ్చి ఇచ్చేది.

మూడో రోజు మహబూబ్‌బీ ఖాళీ గిన్నెతో కాకుండా నిండు గిన్నెతో తిరిగొచ్చింది. వాడు అన్నం ముట్టలేదట. గిన్నె పక్కన పెట్టి గడపలో కూర్చుంది.

"రేపు వికారాబాద్ తీస్కపోతరంట అక్కా. కోర్టుల పెట్టి జైలుకంట. కార్డు ఎందుకు తుడిచినవంటే చెప్తలేడంట. నేను గేటు కాడికెల్లి ఒర్లిన, చెప్పు బేటా, ఏముంటే గది చెప్పు అని. ఇన్నడో లేదో." ఆమె గొంతు తగ్గింది. "అక్కా, నిజంగనే వాడు చేసిండంటవా? ఇంట్ల దవాఖానా ఖర్చు చూసి చేసిండంటవా?"

కన్నతల్లి నోటి నుంచి ఆ మాట వినేసరికి ఎంకమ్మకు ఇంక ఆగలేదు. చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"చెల్లె, కెమెరా తిప్పింది వాడు కాదు. నేను."

మహబూబ్‌బీ అర్థం కానట్టు చూసింది. ఎంకమ్మ బండల మరుగు చూపించింది, గోడకు ఆనించిన దోటి చూపించింది, అంతా చెప్పింది. చెప్పి, చెంప పగలగొడుతుందనే కూర్చుంది. కొడితే బాగుండుననే కూర్చుంది. మూడు రోజులు నీ గడపలో చాయ్ తాగించి ఏడిపించావు గదే అని జుట్టు పట్టుకున్నా కాదనేది కాదు.

మహబూబ్‌బీ కొట్టలేదు. ఆమె ముఖం విప్పారింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆ ముఖంలోకి నెత్తురొచ్చింది.

"యా అల్లా! ఐతే ఇడిచిపెడుతరు! నువ్వు చెప్తె ఇడిచిపెడుతరు గదా అక్కా! లే, లే, ఇప్పుడే పోదం." ఎంకమ్మ చెయ్యి పట్టి లేవదీసింది. కోపమన్న మాటే ఆమెకు తోచలేదు. ఆటోలో దారి పొడుగునా ఆ చెయ్యి వదల్లేదు.

ఠాణా గేటు దగ్గర జనార్దన్ కనిపించాడు. ఎంకమ్మ సంగతి చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. "గా దినం నువ్వు నాకు చెప్పింది గిదేనా అమ్మా?" అన్నాడు. "గిదే సారూ," అంది. ఆయన నెత్తి కొట్టుకుని, ఆమెను లోపలికి తీసుకుపోయాడు. మహబూబ్‌బీని మళ్లీ గేటు బయటే ఉండమన్నారు.

ఎస్ఐ కసరలేదు, గదమలేదు. కుర్చీ వేయించి కూర్చోమన్నాడు. ఒక ఆడ కానిస్టేబుల్‌ను పిలిపించి రాసుకోమన్నాడు. ఎంకమ్మ నేల చూస్తూ చెప్పింది. స్నానం మాట దగ్గర ఆగిపోతే నీళ్లిచ్చారు. ఇంత మర్యాదగా వింటున్నారంటే పని అయినట్టేనని ఆమెకు ధైర్యం వచ్చింది. రాసిందంతా చదివి వినిపిస్తే ఔనంది. వేలిముద్ర వేయమంటే వేసింది.

"మంచిగ చెప్పినవమ్మా," అన్నాడు ఎస్ఐ. "ఒక్కటి చెప్పు. నువ్వు తిప్పినవని సాకిబ్‌కు తెల్సా?"

"నాకెర్క లేదు సారూ. నేనైతే చెప్పలే."

ఎస్ఐ సైగ చేస్తే సాకిబ్‌ను తీసుకొచ్చారు. మూడు రోజుల్లో గడ్డం పెరిగింది, కళ్లు గుంటలు పడ్డాయి. ఎంకమ్మను చూడగానే వాడు వెనక్కి ఒక అడుగు వేశాడు.

"ఎందుకొచ్చినవ్ పెద్దమ్మా," అన్నాడు.

"అంత చెప్పేసిన బిడ్డా. ఇగ నువ్వేం దాస్తున్నవ్? కార్డు ఎందుకు తుడిచినవో చెప్పు. సారు మంచోడు, ఇంటున్నడు."

సాకిబ్ ఆమె వైపు చూడకుండా గోడ వైపు తిరిగి చెప్పాడు. ఆ రోజు దుకాణంలో ఉండగా కెమెరా కదిలిందని ఫోన్ మోగిందట. తెరిస్తే దోటి, దాని వెనక ఎంకమ్మ. ఎందుకు గుంజుతోందా అని చూస్తే ఆమె వెనక బండల మరుగు. అప్పుడు అర్థమైందట, ఇన్ని రోజులూ కార్డులో ఏమేం ఎక్కి ఉంటుందో.

"ఎన్కకు తిప్పి చూడలె పెద్దమ్మా, అల్లా మీద ఒట్టు. ఎవ్వరు చూడొద్దని అంత తుడిచేసిన. మల్ల దాన్ని మంచిగ తిప్పుదామంటె నీ మొకం ఎట్ల చూడాల్నో తెల్వలె. చింతచెట్టు దిక్కే ఉండనీ అనుకున్న. గిదంత మందిల ఎట్ల చెప్పాలె? మా పెద్దమ్మ తానం చేస్తుంటె పడ్డదని ఎట్ల చెప్పాలె?"

ఎంకమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది, దాంతోపాటే సంతోషం కూడా పొంగుకొచ్చింది. కుర్చీలోంచి లేచి వాడి చెంపలు రెండు చేతులతో పట్టుకుంది. కొమ్ములొచ్చాయని తిట్టుకున్నది వీణ్నా! "ఇన్నరా సారూ! నా ఇజ్జత్ కోసం చేసిండు. నా కొడుకు సారూ వాడు. ఇగ ఇడిచిపెట్టుండ్రి, ఇంటికి తోల్కపోత," అంది.

ఎస్ఐ ఆడ కానిస్టేబుల్ రాస్తున్న కాగితం తనవైపు తిప్పుకుని మెల్లగా చదివాడు.

"నేను గూడ ఇంటున్ననమ్మా. కెమెరా నువ్వు తిప్పినవ్, నమ్ముతున్న. కెమెరా గుడ్డిదైందని వానికి గా పొద్దే తెల్సింది. మూడు వారాలు ఎవ్వరికి చెప్పలే. చంద్రకాంత్ సారు ఇంట్ల పోయిన నెల తలుపుకు బెల్లు పెట్టింది గూడ వీడే, బీరువా ఎక్కడుందో తెల్సు. ఇన్ని దినాలు నాకు అర్థం కానిది ఒక్కటే. కెమెరా చూస్తలేదని దొంగకు ఎట్ల తెల్సిందని. గిప్పుడు తెల్సింది. బస్తీ మొత్తంల గది తెల్సినోడు వీడొక్కడే."

ఎంకమ్మకు కాసేపు ఆ మాటలు తలకెక్కలేదు. ఎక్కాక బల్ల అంచు పట్టుకుని ముందుకు జరిగింది.

"నాకు గూడ తెల్సు సారూ! మా ఇంటాయనకు గూడ తెల్సు. మమ్ముల గూడ పట్టుండ్రి మరి. ఈ సారు ఫోన్ల గూడ ఉన్నది గదా కెమెరా," అని జనార్దన్ వైపు చెయ్యి చాపింది. "ఆయినె చూస్తె ఆయినెకు గూడ తెల్సేది!"

జనార్దన్ తలుపు దగ్గర నిలబడి టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. ఒకసారి ఏదో అనబోయాడు. ఎస్ఐ తలెత్తి చూసేసరికి తల దించుకున్నాడు.

"నువ్వు తిప్పింది తప్పే, దాని సంగతి ఎన్క చూస్తం," అన్నాడు ఎస్ఐ. "నువ్వు బీరువా పలగ్గొట్టినవని నేననలే. ఇంటికి పో అమ్మా."

"ఐతే గా కాయితం చింపేయుండ్రి. నేనేం చెప్పలే. నాకేం తెల్వదు. అంత ఉత్తదే చెప్పిన!" ఎంకమ్మ బల్ల మీది కాగితం మీదికి వంగింది. ఆడ కానిస్టేబుల్ దాన్ని తీసి ఫైల్లో పెట్టుకుంది. ఎంకమ్మ బొటనవేలికి ఉన్న సిరా బల్లకు అంటింది. కాళ్లు పట్టుకుందామని వంగితే ఎస్ఐ కుర్చీ వెనక్కి జరుపుకుని, "జనార్దన్, బయటికి తీస్కపో," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అప్పటికే ఇంకో కాగితం చదువుతున్నాడు.

"పెద్దమ్మా, పో," అన్నాడు సాకిబ్. వాడు ఏడవడం లేదు. "అమ్మీ బయట ఉన్నదా? అమ్మీని ఇంటికి తోల్కపో. అబ్బా మందులు దుకాణంల సొరుగుల పెట్టిన, గవ్వి తెచ్చి ఏయుమను." వాణ్ని లోపలి గదిలోకి తీసుకుపోయారు.

జనార్దన్ ఆమెను భుజం పట్టుకుని వరండాలోకి నడిపించాడు. మెట్ల దగ్గర ఆగి, "నేను మాట్లాడి చూస్తనమ్మా," అన్నాడు. ఆయన ఎవరితో మాట్లాడతాడో, ఏం మాట్లాడతాడో ఆయనకే తెలిసినట్టు లేదు. ఎంకమ్మ మెట్లు దిగింది. నిజం చెప్పకుండా మూడు రోజులు దాచిపెడితే వాడి మీద అనుమానం ఒక్కటే ఉంది. నోరు తెరిచి నిజం చెప్పినందుకు వాడి మీద సాక్ష్యం వచ్చింది. ఆ సాక్ష్యానికి వేలిముద్ర తనది. ఇంటికి పోయి ఎవరికి చెప్పుకోవాలి ఇది?

గేటు బయట మహబూబ్‌బీ చెట్టు నీడన నిలబడి ఉంది. ఎంకమ్మ రావడం చూసి ఆమె వెనక్కి, ఇంకా వెనక్కి చూసింది, కొడుకు ఆ వెనకాలే వస్తున్నాడేమో అని. ఆమె చెవి దగ్గర ఫోన్ ఉంది.

"ఇగో అక్క ఒచ్చింది, ఉండుండ్రి," అని ఫోన్లో అంటోంది. "కాయితాలు గిట్ల రాస్తుంటరు గదా, లేటైతది. అక్కా, సంతకాలైనయా? ఎంతసేపంట? నేను ఇంట్ల చెప్పేసిన, పోరడు ఒస్తున్నడని. వాళ్ల అబ్బా మంచంల లేసి కూసున్నడంట!"

ఎంకమ్మ ఆమె ముందుకొచ్చి ఆగింది.

"మీరే అడుగుండ్రి, అక్క చెప్తది," అని మహబూబ్‌బీ నవ్వుతూ ఫోన్‌ను ఎంకమ్మ చెవికి ఆనించింది.

అవతల ముర్తుజా దగ్గాడు. దగ్గు ఆగేదాకా ఆగి, ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"వదినా, బయల్దేరిండ్రా?"